తక్కువ ఖర్చుతో కలకత్తా దుర్గాపూజ: అష్టమికి కాదు, చవితికే దిగండి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. విజయవాడ నుంచి ఇద్దరు స్నేహితురాళ్లు. దసరా సెలవుల్లో కలకత్తా దుర్గాపూజ చూడాలి, ప్యాకేజీ టూర్ వద్దు, తలా 12,000 రూపాయలు. అష్టమి పొద్దున దిగి దశమి చూసుకుని తిరుగు రైలెక్కాలని ప్లాన్. 40 పందిళ్ల లిస్టు రాసుకున్నారు. ఇద్దరూ శాకాహారులు. ఈ డబ్బు సరిపోతుందా, రాత్రిళ్లు తిరగడం సేఫేనా అని ప్రశ్న.

డబ్బు సరిపోతుంది. రాత్రిళ్లు తిరగొచ్చు. చిక్కల్లా తేదీల్లోనే ఉంది.

ఇంద్రకీలాద్రి మీద మూలా నక్షత్రం రోజు కొండ కింద క్యూ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. దాన్ని తీసి ఊరంతా పరిస్తే ఎలా ఉంటుందో, కలకత్తాలో అష్టమి రాత్రి అలా ఉంటుంది. నేను ఆ పండక్కి నాలుగుసార్లు వెళ్లాను. మొదటిసారి అచ్చం మీలాగే అష్టమికి దిగాను. లాడ్జి కుర్రాడు కుదిర్చిన కారులో "రాత్రంతా 15 పందిళ్లు" అన్న మాట నమ్మి 2,500 రూపాయలు ఇచ్చాను. ఎనిమిదింటికి బయల్దేరితే పదకొండున్నరకి గడియాహాట్ దగ్గర ఒక బారికేడ్ ముందు ఆగి ఉన్నాం. పోలీసులు బండ్లు మళ్లించారు. డ్రైవర్ ఇంజన్ ఆపేసి నిద్రపోయాడు. ఆ రాత్రి మొత్తం చూసినవి మూడు, అదీ కారు దిగి నడిచి. మా పక్క నుంచి ముసలివాళ్లు, చంకలో పిల్లలతో ఆడవాళ్లు, కొత్త చెప్పులు కరిచి వాటిని చేత్తో పట్టుకుని నడుస్తున్న అమ్మాయిలు హాయిగా వెళ్లిపోతున్నారు. ఊరంతా నడుస్తోంది, డబ్బులు కట్టిన నేను మాత్రం కూర్చుని ఉన్నాను.

ఇప్పుడు పందిళ్లు షష్ఠి దాకా ఆగడం లేదు. మహాలయ అమావాస్య దాటిన దగ్గర్నుంచే ఒక్కోటీ తెరుస్తున్నారు. తదియ, చవితి నాటికి పేరున్నవి చాలావరకు సిద్ధం. అవే విగ్రహాలు, అవే లైట్లు, అష్టమితో పోలిస్తే జనం చాలా తక్కువ. కాబట్టి మీ ప్రయాణాన్ని ముందుకి జరిపి, ఐదు రాత్రులు ఉండేలా పెట్టుకోండి. చవితికి దిగి, నవమి రోజు వెళ్లిపోండి. చవితి, పంచమి, షష్ఠి పందిళ్లకి. సప్తమి, అష్టమి పూజకి. పందిరి చూడటం వేరు, పూజ చూడటం వేరు. మన దగ్గర అమ్మవారికి రోజుకో అలంకారం. అక్కడ రూపం మారదు, ఆ రోజు జరిగే తంతు మారుతుంది. పెద్ద పందిట్లో నిలబడితే ఆ తంతు కనపడదు, తాడు పట్టుకున్న వాలంటీర్లు "ఎగోన్, ఎగోన్" అంటూ ముందుకు తోసేస్తుంటారు.

ఇక రైలు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, 2024 నవంబర్ నుంచి ఇదే రూలు. ఉదయం 8 గంటలకి ఫోన్ చేతిలో పెట్టుకుని కూర్చోండి. అందరూ వెళ్లే టికెట్ గురించి కంగారు పడతారు, అసలు కష్టం వచ్చే టికెట్‌ది. పూజ సెలవులు మొదలవగానే బెంగాలీలు దేశం మీద పడతారు. దసరాకి విశాఖ బీచ్‌లో, అరకు రైల్లో ఎంతమంది బెంగాలీలు ఉంటారో చూసినవాళ్లకి తెలుసు. ఆ జనమంతా మీరు ఎక్కబోయే దక్షిణాది రైళ్లలోనే వస్తారు. పైగా వెల్లూరు ఆసుపత్రికి వెళ్లేవాళ్లు ఏడాది పొడవునా ఉంటారు. నవమి టికెట్ దొరక్కపోతే దశమికి, అదీ కాకపోతే అష్టమి రాత్రికి చూడండి. తిరుగు టికెట్ తేదీ ఖాయమయ్యే దాకా గది బుక్ చెయ్యొద్దు.

విజయవాడ మీదుగా ఫలక్‌నుమా హౌరాకి వెళ్తుంది. కోరమండల్ కూడా ఉంది కానీ అది ఇప్పుడు హౌరాకి కాదు, షాలిమార్‌కి. మొదటిసారి వెళ్లేవాళ్లకి హౌరానే సుఖం. స్టేషన్ నుంచే మెట్రో ఉంది. 2024 మార్చిలో మొదలైన ఆ భాగం హుగ్లీ నది కింద నుంచి వెళ్తుంది. నది కింద ఉండేది 45 సెకన్లే. నీలం లైట్లు కనిపించాయంటే మీరు నీటి కింద ఉన్నట్టు. ఎస్ప్లనేడ్‌లో దిగితే ఊరి నడిబొడ్డున ఉంటారు. బయట టాక్సీవాళ్లు చుట్టుముట్టి చెప్పే రేట్లు వినాల్సిన పనే లేదు.

గదికి సడ్డర్ స్ట్రీట్ చూడండి. న్యూ మార్కెట్ పక్కన, ఇండియన్ మ్యూజియం మలుపులో ఉన్న సందు. బ్యాక్‌ప్యాక్ తగిలించుకున్న విదేశీయుల కోసం ఎప్పట్నుంచో లాడ్జిలున్న వీధి. గోడలకి పెచ్చులూడి ఉంటాయి, బాత్రూమ్ చూసే ఒప్పుకోండి. పోయినసారి నేను డబుల్ రూముకి రాత్రికి 1,400 ఇచ్చాను. పూజకి ఆ మాత్రం పెంచుతారు. ఆన్‌లైన్‌లో బుక్ చేసినా, వారం ముందు లాడ్జికి ఫోన్ చేసి మనిషితో మాట్లాడండి. ఒకసారి నేను అర్ధరాత్రి చేరేసరికి కౌంటర్లో ఉన్నాయన "సిస్టమ్‌లో తప్పు పడింది" అని అదే గదికి రెట్టింపు అడిగాడు. ఫోన్లో మాట్లాడిన పేరూ తేదీ చూపిస్తే దిగొచ్చాడు. సొమ్మంతా ముందే కట్టొద్దు, ఒక రాత్రికి కట్టండి.

లెక్క చూద్దాం, ఒక మనిషికి. రానూపోనూ స్లీపర్ 1,500 లోపు. గదిలో సగం, రాత్రికి 700 చొప్పున ఐదు రాత్రులకి 3,500. తిండి రోజుకి 400, ఆరు రోజులకి 2,400. ఊళ్లో తిరగడానికి 600 చాలు, మెట్రో టికెట్ 5 రూపాయల నుంచి మొదలు. రైల్లో తిండికి 500. మొత్తం 8,500. మిగతా 3,500 ముట్టుకోకుండా ఉంచండి. తిరుగు ప్రయాణంలో ఏసీ బెర్త్ దొరికితే దాన్లోకి మారిపోండి, ఐదు రాత్రులు నడిచిన కాళ్లకి ఆ డబ్బు దండగ కాదు. పందిళ్లకి టికెట్ ఉండదు. వీఐపీ పాస్ ఇప్పిస్తామని వీధిలో ఎవరైనా అంటే నవ్వి వచ్చేయండి.

ఇప్పుడు ఆ 40 పందిళ్ల లిస్టు. దాన్ని చింపేయండి. రాత్రికి ఒక్క పేట పెట్టుకోండి, మెట్రో దిగి నడిచి, మెట్రో ఎక్కి వచ్చేలాగ. పేరున్న పందిళ్ల మధ్య పేరులేనివి అరడజను కనిపిస్తాయి, వాటి దగ్గరే కుర్చీ వేసి కూర్చోబెడతారు.

మొదటి రోజు ఉత్తర కలకత్తా. శోభాబజార్ సుతానుటి స్టేషన్‌లో దిగండి. నది వైపు నడిస్తే కుమార్‌టులి, విగ్రహాలు చేసే కుమ్మరుల వాడ. చవితి నాటికి పెద్ద విగ్రహాలు చాలావరకు వెళ్లిపోయి ఉంటాయి, అయినా వెళ్లండి. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి ఒరగాల్సినంత సన్నటి సందులు. రెండు వైపులా టార్పాలిన్ కప్పిన కొట్లు, లోపల వెదురు కర్రల మీద గడ్డి చుట్టి సుతిలితో బిగించిన బొమ్మలు, తలలు లేకుండా. అవి దుర్గవి కావు. ఆశ్వయుజ పౌర్ణమికి లక్ష్మి, అమావాస్యకి కాళి, వాటి పని అప్పుడే మొదలైపోయి ఉంటుంది. నేను వెళ్లిన ఒక పంచమి పొద్దున, ఆఖరుగా మిగిలిన చిన్న దుర్గని పదిమంది కుర్రాళ్లు వెదురు బొంగులకి కట్టి భుజాల మీద మోస్తున్నారు. సందు మలుపులో అమ్మవారి పది చేతుల్లో ఒకటి కరెంటు వైరుకి తగిలేలా ఉంది. చేసిన ముసలాయన బనియన్ మీద పరిగెత్తుకొచ్చి, అరవకుండా, ఆ చెయ్యి కింద తన అరచెయ్యి పెట్టి మలుపు దాటేదాకా అలాగే నడిచాడు. లారీ ఎక్కించాక ఆయన చేతికి పచ్చిరంగు అంటుకుని ఉంది. పంచెకి తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాడు. అక్కడ ఫొటో తీసే ముందు అడగండి. కొందరు డబ్బు అడుగుతారు, వాళ్ల పనివేళ మీరు దారికి అడ్డం కదా.

అక్కడి నుంచి అహిరీటోలా, కుమార్‌టులి పార్క్ దగ్గరే. ఇంకాస్త ఉత్తరానికి నడిస్తే బాగ్‌బజార్. వందేళ్లు దాటిన పూజ. అక్కడ థీమూ గీమూ ఏమీ ఉండవు. దుర్గ, లక్ష్మి, సరస్వతి, వినాయకుడు, కార్తికేయుడు అందరూ ఒకే పెద్ద వంపు పలక కింద ఉంటారు, దాన్ని ఏక్‌చాలా అంటారు. తళతళలాడే వెండిరేకు అలంకరణని డాకేర్ సాజ్ అంటారు. డాక్ అంటే తపాలా. ఒకప్పుడు ఆ రేకు జర్మనీ నుంచి పోస్టులో వచ్చేదట, ఆ పేరు అలా నిలిచిపోయింది. నా మటుకు నాకు, ఒక్క పందిరే చూడాలంటే ఇదే చూస్తాను.

రెండో రాత్రి మధ్య భాగం. మహాత్మా గాంధీ రోడ్ స్టేషన్‌లో దిగి కాలేజ్ స్క్వేర్ (మధ్యలో చెరువు, నీళ్లలో లైట్లు), మహమ్మద్ అలీ పార్క్, ఓపికుంటే సంతోష్ మిత్ర స్క్వేర్. మూడో రాత్రి దక్షిణం. కాళీఘాట్ స్టేషన్ నుంచి బాదామ్‌తలా, దేశప్రియ పార్క్, త్రిధారా, నడుచుకుంటూ గడియాహాట్ దాటితే ఏక్‌డాలియా, సింఘీ పార్క్. థీమ్ పందిళ్లు ఇటు వైపు ఎక్కువ. ఒక ఏడాది మట్టి కుండలతో కట్టింది, ఇంకో ఏడాది పాత తలుపులతో కట్టింది చూశాను. అలిసిపోతే మ్యాడాక్స్ స్క్వేర్‌కి వెళ్లి గడ్డి మీద కూర్చోండి. అక్కడికి జనం విగ్రహం కోసం ఎంత వస్తారో, కబుర్ల కోసం అంత వస్తారు.

మీకు ఏ వెబ్‌సైటూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను, వేళ. సప్తమి, అష్టమి రాత్రుల్లో కూడా పందిళ్లు చూడాలనుంటే, సాయంత్రం ఏడు నుంచి రాత్రి ఒంటిగంట దాకా బయటికి రావొద్దు. మధ్యాహ్నం నిద్రపోండి, ఎనిమిదింటికి తినేసి మళ్లీ పడుకోండి. రెండున్నరకి లేచి బయల్దేరండి. మూడు నుంచి ఆరు దాకా లైట్లు వెలుగుతూనే ఉంటాయి, క్యూలు కరిగిపోయి ఉంటాయి. సప్తమి నుంచి నవమి దాకా మెట్రో మామూలుగా తెల్లవారుజాము వరకూ నడుస్తుంది. ఒక మెలిక ఏంటంటే, అలా రాత్రంతా నడిపిన రోజుల్లో పొద్దుటి పూట రైళ్లు ఉండవు, మధ్యాహ్నం మొదలవుతాయి. ఆ ఏడాది వేళలు పూజకి ముందే ప్రకటిస్తారు, ఫోన్లో సేవ్ చేసుకోండి. చవితి, పంచమి, షష్ఠి రోజుల్లో మాత్రం రాత్రి మెట్రో ఆగిపోతుంది కాబట్టి ఆ మూడు రోజులూ తెల్లవారుజామున కాకుండా, మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టి దీపాలు వెలిగాక తొమ్మిదికల్లా ముగించండి.

పంచమి రోజు ఖాళీ దొరికితే సియాల్దా స్టేషన్ బయటికి వెళ్లి ఒక అరగంట నిలబడండి. జిల్లాల నుంచి ఢాకీలు, అంటే డోలు వాయించేవాళ్లు, వందల్లో దిగి ఉంటారు. ఢాక్‌కి ఒక చివర తెల్లటి ఈకల కుచ్చు కడతారు. ఇంకా ఏ పూజ కమిటీ కుదుర్చుకోని వాళ్లు అక్కడే వాయిస్తూ బేరం కోసం చూస్తుంటారు. పక్కన పది పన్నెండేళ్ల కొడుకో మేనల్లుడో కంచు పళ్లెం మోగిస్తూ. కమిటీవాళ్లు వచ్చి వింటారు, తల ఊపుతారు, ముందుకు వెళ్లిపోతారు. నాకు పండగ అక్కడే మొదలైనట్టు ఉంటుంది, కొంచెం దిగులుగానూ ఉంటుంది.

సప్తమి తెల్లవారుజామున గంగ (హుగ్లీని అక్కడ అలాగే అంటారు) ఒడ్డుకి వెళ్లండి, ఏ ఘాట్ అయినా సరే. అరటి మొక్కకి మరో ఎనిమిది రకాల ఆకులూ కొమ్మలూ కట్టి, స్నానం చేయించి, ఎర్ర అంచు తెల్ల చీర చుట్టి, ముసుగేసిన కొత్త కోడలిలా తీసుకెళ్తారు. కొలాబౌ అంటారు. వినాయకుడి పక్కన నిలబెడతారు కాబట్టి ఆయన పెళ్లాం అనుకుంటారు చాలామంది. కాదు, అది నవపత్రిక, అమ్మవారే.

అష్టమి పొద్దున మీ లాడ్జి దగ్గర్లోని ఏదైనా చిన్న పందిరికి స్నానం చేసి, ఏమీ తినకుండా వెళ్లండి. అంజలి ఇవ్వాలి అని చెప్పండి. ఊరేదని ఎవరూ అడగరు. గుంపుగా నిలబెట్టి చేతిలో పూలు, మారేడు పత్రి పెడతారు. పంతులుగారు మైకులో మంత్రం చెప్తారు, మీరు అంటారు. అలా మూడుసార్లు. బెంగాలీ నోట్లో సంస్కృతం కొత్తగా వినిపిస్తుంది, 'వ' అంతా 'బ' అయిపోతుంది. పూలు విసరొద్దు, బుట్ట తెస్తారు, అందులో వెయ్యండి. మధ్యాహ్నం భోగ్ (ప్రసాదం భోజనం) కూపన్ దొరుకుతుందా అని అక్కడే అడగండి. మాకు ఒకసారి ఉచితంగానే పెట్టారు, ఒకసారి చందా తీసుకుని పెట్టారు.

బేలూరు మఠంలో అష్టమికి కుమారీ పూజ జరుగుతుంది, 1901లో వివేకానందుడు మొదలుపెట్టింది. వెళ్లాలనుంటే తెల్లారకముందే బయల్దేరాలి, జనం విపరీతం. నేను ఒకసారి వెళ్లి వెనక వరసలో వీపులు చూసి వచ్చాను. మీరు వెళ్లమంటారా అని అడిగితే నేను వద్దనే అంటాను.

దానికి బదులు సంధి పూజ వదులుకోవద్దు. అష్టమి ఆఖరి 24 నిమిషాలు, నవమి మొదటి 24 నిమిషాలు, మొత్తం 48 నిమిషాలు. ఏడాదికో వేళ వస్తుంది, పట్టపగలు కావొచ్చు, అర్ధరాత్రి కావొచ్చు. దీన్ని పందిట్లో కాకుండా పాత జమీందారీ ఇంట్లో చూడండి. శోభాబజార్ రాజబాడీలో పూజ 1757లో ప్లాసీ యుద్ధం తర్వాత నవకృష్ణ దేవ్ మొదలుపెట్టాడు. సడ్డర్ స్ట్రీట్‌కి నడిచే దూరంలో జాన్‌బజార్‌లో రాణీ రాస్‌మణి ఇల్లు ఉంది, దక్షిణేశ్వరం గుడి కట్టించిన ఆవిడే. పూజ రోజుల్లో ఇలాంటి ఇళ్లు బయటివాళ్లని రానిస్తాయి. గంట ముందు వెళ్లి, చెప్పులు విప్పి, స్తంభం పక్కన జాగా చూసుకోండి. 108 ప్రమిదలు పెద్ద పళ్లేలలో పేర్చి ఉంటాయి. ఇంటి ఆడవాళ్లు వంగి ఒక్కొక్కటీ వెలిగిస్తుంటారు. 108 తామరలు, మొగ్గల రేకుల్ని వేళ్లతో విప్పుతూ కూర్చున్న పిల్లలు. వేళ కాగానే ఢాక్ ఒక్కసారి అందుకుంటుంది, ధునో (సాంబ్రాణి) పొగకి కళ్లు మండుతాయి, అమ్మవారి మొహం కనపడీ కనపడకుండా ఉంటుంది. అది వాళ్ల ఇంటి పూజ. వాళ్లు చేసుకుంటున్న దాంట్లోకి ఫోన్ పెట్టి జొరబడకండి.

ఇక దశమి. సిందూర్ ఖేలా (ఆడవాళ్లు ఒకరికొకరు సిందూరం పూసుకునే వేడుక), నిమజ్జనం పోతాయని మీకు బాధగా ఉంటుంది. నిజమే, పోతాయి. పెళ్లైన ఆడవాళ్లు అమ్మవారికి బొట్టు పెట్టి, నోటికి మిఠాయి అద్ది, తమలపాకుతో మొహం తుడిచి అత్తారింటికి సాగనంపడం చూడాల్సిందే. మన ఆడపడుచుకి ఒడిబియ్యం పోసి పంపినట్టే ఉంటుంది. దశమి రాత్రికి టికెట్ దొరికితే ఒక రాత్రి పెంచుకోండి, మిగిల్చిన 3,500లో అది సరిపోతుంది. రెడ్ రోడ్డు మీద ఆ తర్వాత జరిగే కార్నివాల్ కోసం మాత్రం ఆగక్కర్లేదు, అది 2016లో ప్రభుత్వం మొదలుపెట్టిన ఊరేగింపు, మంచి చోటు పాస్ ఉన్నవాళ్లకే.

భద్రత సంగతి. ఇద్దరాడవాళ్లు అర్ధరాత్రి రోడ్డు మీద ఉంటే అక్కడ ఎవరూ తిరిగి చూడరు, ఎందుకంటే సగం ఊరి ఆడవాళ్లు అక్కడే ఉంటారు. అయితే గుంపు గుంపే. ఇరుకు గేట్ల దగ్గర చెయ్యి తగిలించే వెధవలు అక్కడా ఉంటారు. బ్యాగు ముందుకి వేసుకుని, గోడ వైపు కాకుండా కుటుంబాలున్న వరస వైపు నిలబడండి. పెద్ద పందిళ్ల దగ్గర ఫోన్ సిగ్నల్ పడిపోతుంది. "విడిపోతే ఫలానా మెట్రో గేటు" అని ప్రతి పేటలోనూ ముందే అనుకోండి. కలకత్తా పోలీసులు ఏటా పూజ మ్యాప్ వేస్తారు, ఏ రోడ్డు ఎప్పుడు మూస్తారో దాన్లో ఉంటుంది. చిన్న గొడుగు పెట్టుకోండి, ఆశ్వయుజంలో అక్కడ వాన ఎప్పుడొస్తుందో తెలీదు. కొత్త చెప్పులు వద్దే వద్దు.

శాకాహారం గురించి. నవరాత్రులంటే మనకి నీచు ముట్టని రోజులు, అక్కడ చేప, రోల్, బిర్యానీ పందిరి పక్కనే. నవమికి మటన్ వండని ఇల్లు తక్కువ. ముక్కు చిట్లించకండి, వాళ్లకి దుర్గ పుట్టింటికొచ్చిన కూతురు, వండిపెట్టుకుంటున్నారు. మీకు పొద్దున్నే కచోరీ, ఆలూ కూర వీధి వీధిలో దొరుకుతాయి, అష్టమికి చాలా ఇళ్లలో లూచీలే (మైదా పూరీలు). భోగ్‌లో ఖిచురీ, లాబ్రా (కలగూర), టమాటా చట్నీ, పాయసం, అన్నీ మీరు తినేవే, వెల్లుల్లి ఉల్లి కూడా పడవు. పైస్ హోటళ్లనీ పాత భోజనశాలలు ఉన్నాయి, అన్నం, పప్పు, వేపుడు, కూర దేనికది లెక్క. కొన్నిచోట్ల అరిటాకుకీ నిమ్మచెక్కకీ కూడా విడిగా వేస్తారు, బిల్లు చూసి కంగారు పడకండి. "నిరామిష్" అని గట్టిగా చెప్పండి, ఉట్టి "వెజ్" అంటే పప్పులో చేప తలకాయ పడ్డ సందర్భం నాకు ఉంది. ఆవనూనె వాసన మొదటి రోజు పడదు, మూడో రోజుకి అలవాటైపోతుంది. ఆవకాయ సీసా ఒకటి మాత్రం సంచిలో వేసుకెళ్లండి, మూత గట్టిగా బిగించి, ప్లాస్టిక్ కవర్ రెండు చుట్లు చుట్టి.